ముందు జత, వెనక జత

మయిల్‌సామి ముక్కు చచ్చిపోయి మూడు నెలలైంది. ఆ సంగతి, చూసిన డాక్టరుని పక్కన పెడితే, లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోవారు ఆయన భార్య తంగమణి.

ఆవిడకైనా ఆయన నోరు విప్పి చెప్పింది లేదు. జ్వరం తగ్గి మంచం దిగిన మూడో రోజు పొయ్యి మీద బియ్యం, పప్పు కలిపి వండే అరిసిపరుప్పు అన్నం అడుగంటి, ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే ఆయన పక్క గదిలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. తంగమణి దొడ్లోంచి పరిగెత్తుకొచ్చి గిన్నె దింపి, ఆయన మొహంలోకి చూసింది. "మీకు తెలియలేదా?" అంది. "ఏంటి?" అన్నాడాయన. ఆవిడ లోపలికి వెళ్ళింది. పూజ గదిలోంచి కర్పూరం బిళ్ళ తెచ్చి ముక్కు కింద పెట్టింది. ఆయన గట్టిగా పీల్చి, తల అటు తిప్పుకున్నాడు.

అరవై దాటిన మనిషికి వాసన తెలియకపోతే ఏం కొంప మునిగిందని అడుగుతారేమో. ఇంకొకరికైతే ఏమీ మునగదు, పైగా కోయంబత్తూరు మురిక్కాలవల పక్కన బతకడానికి హాయి. మయిల్‌సామి సంగతి అది కాదు. రేసు బండ్ల దగ్గర ఆయన్ని ఎవరూ మయిల్‌సామి అనరు, ముక్కుసామి అంటారు. ముప్పై ఏళ్ళుగా ఆయన తిన్న తిండి ఆ ముక్కు పెట్టిందే.

ఆయన చేసేది బ్రేకుల పని. ఏ బండికి ముందు చక్రాలకి ఏ ప్యాడ్లు వెయ్యాలి, వెనక చక్రాలకి ఏవి వెయ్యాలి అని తేల్చడం. వినడానికి చిన్న పనే. కాని బ్రేకు నొక్కగానే బరువంతా ముందుకి వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అందుకని ముందు ప్యాడు గట్టిగా కరవాలి, వెనకది కాస్త మెత్తగా పట్టాలి. వెనకది ముందే కరిచిందా, వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి తోక ముందుకొచ్చేస్తుంది. "ముందుది అన్న, వెనకది తమ్ముడు. అన్న ఉండగా తమ్ముడు పెత్తనానికి దిగితే కొంప తలకిందులు" అని కొత్త డ్రైవర్లందరికీ ఆయన ఒకటే పాఠం చెప్పేవాడు.

బండిని మూడు చుట్లు తిప్పించి, లోపలికి రాగానే మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు చక్రాల దగ్గరా వాసన చూసేవాడు. ముందు చక్రాల దగ్గర కాలిన ఇనుము వాసన రావాలి. వెనక గుగ్గిలం వాసన పల్చగా రావాలి. అది తారుమారైతే ప్యాడు మార్చాల్సిందే. ఒకసారి మద్రాసు నుంచి ఒక ఇంజనీరు వేడి కొలిచే కెమెరా తెచ్చి పందెం కట్టాడు. కెమెరా రెండు చక్రాలకీ ఒకే అంకె చూపించింది. మయిల్‌సామి మాత్రం కుడి వెనక ప్యాడు లోపల చిట్లిందన్నాడు. విప్పి చూస్తే వెంట్రుకంత పగులు కనిపించింది. ఆ ఇంజనీరు ముక్కున వేలేసుకున్నాడు. ఆ కథ ఇప్పటికీ టీ బంకుల దగ్గర చెప్పుకుంటారు, చెప్పిన ప్రతివాడూ పగులుని కాస్త చిన్నది చేస్తాడు.

అంత పేరున్న ముక్కు పోయిందని ఏ నోటితో చెప్పడం?

"చెప్పేయండి. పోయింది మీ ముక్కు, మీ మర్యాద కాదు కదా" అని తంగమణి వారానికొకసారైనా పోరింది.

"చెబితే ఇంక నన్నెవడు పిలుస్తాడే? బోల్టులు బిగించడానికి పిలుస్తారు. డాక్టరు తిరిగొస్తుందన్నాడు కదా, రానీ."

"రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను."

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆయన చెప్పలేదు. వేడికి రంగు మారే పూత ఒకటి తెప్పించి, ఎవరూ చూడకుండా ప్యాడ్లు కరిచి పట్టే డిస్కుల అంచున పూసి, ఆ రంగుని బట్టి లెక్క కట్టేవాడు. పైకి మాత్రం అలవాటుగా మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చేవాడు. రెండు రేసులు అలాగే గట్టెక్కాయి. ఒక దాంట్లో గెలిచారు కూడా. గెలవకపోయినా బాగుండేది, అబద్ధానికి అంత ధైర్యం వచ్చేది కాదు.

ఆ రెండు రేసులూ నడిపింది పూంగొడి. ఇరవై మూడేళ్ళ పిల్ల, మయిల్‌సామి స్నేహితుడు నాచిముత్తు కూతురు. నాచిముత్తుకి గ్రైండరు రాళ్ళు చెక్కే షెడ్డు ఉంది. ఆ షెడ్డు గోడకి ఇవతల మయిల్‌సామి షెడ్డు. ఎనిమిదేళ్ళప్పుడు పూంగొడి బడి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేది. కళ్ళు మూసుకోమని ఆయన రెండు ప్యాడ్లు చెరో చేత్తో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టేవాడు. "ఇది అన్న, ఇది తమ్ముడు" అని తప్పు లేకుండా చెప్పేది. మామా అని పిలిచేది. పదిహేనేళ్ళుగా ఆ పిలుపు మారలేదు. ఇప్పుడు ఆ ఏటి పోటీల్లో అందరికన్నా ముందుంది, ఆఖరి రేసు ఒక్కటే మిగిలింది. అది గెలిస్తే వచ్చే ఏడాది ఒక పెద్ద జట్టువాళ్ళు బండి ఇచ్చి నడిపిస్తామన్నారు. ఇంతకుముందు ఆ జట్టులో ఆడపిల్ల లేదు.

ఆఖరి రేసు ఆదివారం. ఆ పొద్దున ట్రాకు మీద మబ్బు పట్టింది. పాలక్కాడు వైపు నుంచి తడిగాలి కొడుతోంది. అభ్యాసపు చుట్లు ముగించి బండి లోపలికి రాగానే మయిల్‌సామి చక్రాలు విప్పాడు. ముందు ప్యాడ్లలో ఒకటి మూల విరిగింది. వెనకవి అరిగి అడుగున ఇనప రేకు తేలాయి. ఎనిమిదీ మార్చాలి. రేసుకి రెండు గంటల టైముంది.

కొత్త ప్యాడ్లు వేసి పరిగెత్తించడానికి లేదు. వాటికి తొలి వేడి పెట్టి మచ్చిక చెయ్యాలి, లేకపోతే మొదటి మలుపులోనే జారిపోతాయి. తొలి వేడి పెట్టిన జతలు ఒక డబ్బాలో సిద్ధంగా ఉన్నాయి. నాలుగు నెలల కిందట, జ్వరానికి ముందు, మయిల్‌సామే కాల్చి, రెండు పొట్లాలుగా పేపర్లో చుట్టి దాచాడు. ఒకటి ముందు చక్రాలవి, ఒకటి వెనక చక్రాలవి.

ఏ పొట్లం ఏదో మాత్రం రాయలేదు.

ఈ బండికి ముందూ వెనకా రేకు ఒకటే కొలత. ఊళ్ళో గణపతి అనే పేటలో ఒకాయన దగ్గర రేకుల మీద రెండు రకాల రాపిడి ముద్దలూ అంటించి తెస్తారు. రెండూ ఒకే నలుపు. పక్క షెడ్ల వాళ్ళు రేకు వెనక ఉలితో గంటు పెట్టుకుంటారు, ముందుకి ఒక గంటు, వెనకకి రెండు. మయిల్‌సామి ఎర్ర రంగు, పసుపు రంగు పూసేవాడు. తొలి వేడికి ఆ రంగు మాడిపోతుందని ఆయనకి తెలుసు. గంటు పెట్టుకోండన్నా అని ఎవరైనా అంటే, "నా ముక్కు ఉండగా గంటెందుకురా? మీకు లేదు కాబట్టి మీరు పెట్టుకోండి" అని నవ్వేవాడు. ముప్పై ఏళ్ళు అలా నవ్వాడు.

రెండు పొట్లాలు విప్పి తువ్వాలు మీద పెట్టాడు. నాలుగు, నాలుగు. ఒకదాన్ని గరుకు కాగితం మీద రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. రెండో పొట్లంలోది రాశాడు. ఉత్త గాలి. చేత్తో బరువు చూశాడు. గోటితో గీశాడు. చివరికి ఎవరూ చూడకుండా నాలుక ఆనించాడు కూడా. రెండూ బూడిద రుచే.

ట్రాకు దగ్గర పక్క షెడ్డులో ఇంకో బండి చూసే మెకానిక్కు సెబాస్టియన్ టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. వాడికి ఎదుటివాడిని ఆటపట్టించకపోతే టీ దిగదు.

"ఏంటి ముక్కుసామన్నా, ప్యాడ్లకి ముద్దులు పెడుతున్నారు? ఇంట్లో వదిన ఊరెళ్ళిందా?"

"పోరా, నీ బండి చూసుకో."

"నా బండికేం, ఎలాగూ ఓడిపోతుంది. గంటలు గంటలు కూర్చుని ఓడిపోవడం ఎందుకని టీ తాగుతున్నా. ఒకటి ఇటివ్వండి, మీ విద్య మేమూ నేర్చుకుంటాం" అని చెయ్యి చాచాడు.

అదిగో, అక్కడ ఆ ప్యాడు వాడి చేతిలో పెడితే సరిపోయేది. సెబాస్టియన్‌కి శుభ్రంగా పనిచేసే ముక్కుంది. పైగా వాడు నోటి దురుసే కాని మనిషి మంచివాడు. "ఇనుమా, గుగ్గిలమా చెప్పరా" అంటే క్షణంలో చెప్పేవాడు. ఆ తర్వాత నవ్వేవాడు, సాయంత్రానికి ఊరంతా చెప్పేవాడు, నాలుగు రోజులు టీ బంకు దగ్గర అదే మాట ఉండేది. అంతే కదా పోయేది!

మయిల్‌సామి తువ్వాలు కప్పేశాడు. "విద్య చేత్తో ఇస్తే వచ్చేది కాదురా" అన్నాడు.

వాడు నవ్వుకుంటూ వెళ్ళాడు. అప్పుడే పూంగొడి హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చింది. పిల్ల మొహం పీక్కుపోయి ఉంది, పొద్దుటి నుంచి రెండు ఇడ్లీలు కూడా తినలేదు.

"మామా, ప్యాడ్లు ఏమన్నాయి?"

ఈ పిల్ల ముక్కుకి ఆయనే చదువు చెప్పాడు. ఒక్క ప్యాడు ఎత్తి దాని ముక్కు కింద పెట్టి, చిన్నప్పటి ఆటలాగా "చెప్పుకో చూద్దాం" అన్నా చాలు, అనుమానం కూడా రాదు. ఆ ఆలోచన ఆయనకి వచ్చింది. రాలేదని చెబితే అబద్ధం. కాని రేసుకి ముందు పిల్లకి బెరుకెందుకని తనకి తనే ఒక సాకు చెప్పుకున్నాడు. మనిషి తనకి చెప్పుకునే సాకులకి ఎప్పుడూ దయ అనో, జాగ్రత్త అనో పేరు పెడతాడు, అంత గడుసుతనం ఎక్కడి నుంచి వస్తుందో ఏమో.

"బాగానే ఉన్నాయమ్మా. వెళ్ళి రెండు ముద్దలు తిను" అన్నాడు.

ఎడమ చేతి వైపు పొట్లం కాస్త నల్లగా ఉన్నట్టనిపించింది. ఎక్కువ కాలింది ముందుదే అయ్యుంటుంది అనుకున్నాడు. ఆ నాలుగూ ముందు వేశాడు. మిగతా నాలుగూ వెనక వేశాడు.

బయలుదేరే ముందు నాచిముత్తు వచ్చి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండికి కర్పూరం వెలిగించాడు. "బావా, నువ్వూ ఒకసారి కళ్ళకద్దుకో" అని హారతి పళ్ళెం మయిల్‌సామి ముందు పట్టాడు. ఆయన అద్దుకున్నాడు. మళ్ళీ ఒకసారి అద్దుకున్నాడు. నాచిముత్తు అది చూసి, "నీకేంటయ్యా భయం, భయపడాల్సింది నేను" అని భుజం తట్టాడు.

అప్పటికే చినుకులు పడి ఆగిపోయాయి. ట్రాకు సగం తడి, సగం పొడి. అందరూ ఒక చుట్టు నెమ్మదిగా తిరిగొచ్చి గీత దగ్గర వరసగా ఆగారు. పూంగొడి బండి మొదటి వరసలో ఉంది. ఆ పిల్ల చెయ్యెత్తి మయిల్‌సామిని పిలిచింది. ఆయన పరిగెత్తాడు.

"మామా, తోక ఊపుతోంది. బ్రేకు మీద కాలు పెట్టగానే వెనక తేలిపోతున్నట్టుంది. ఒకసారి చూస్తారా?"

ఎర్ర జెండా పట్టుకున్న మనిషి వాచీ చూసుకుంటున్నాడు. మూడు నిమిషాల టైముంది. అనుమానంగా ఉంటే బండిని పక్కకి తోసేయొచ్చు. ఆ రేసు పోతుంది, ఏడాది పోతుంది, పెద్ద జట్టు పోతుంది. పిల్ల ఇంటికెళుతుంది. చుట్టూ ఇన్ని షెడ్ల వాళ్ళు చూస్తున్నారు. ముక్కుసామి ఏమంటాడా అని వాళ్ళందరూ ఎదురుచూస్తున్నట్టు ఆయనకి అనిపించింది. నిజానికి ఎవరి బండి గొడవలో వాళ్ళున్నారు.

మయిల్‌సామి వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గుండెల నిండా గాలి పీల్చాడు. ముందు చక్రం దగ్గరకి వెళ్ళి అక్కడా కూర్చున్నాడు. లేచి, మోకాళ్ళ తడి దులుపుకుని, పిల్ల హెల్మెట్ మీద చెయ్యి వేశాడు.

"ఏమీ లేదమ్మా. తడి. రెండు చుట్లు తిరిగితే సర్దుకుంటుంది. నువ్వు ధైర్యంగా తొక్కు."

హెల్మెట్ కిటికీలోంచి ఆ పిల్ల కళ్ళు నవ్వాయి. "సరే మామా" అంది.

రెండు చుట్లు నిజంగానే సర్దుకున్నట్టే ఉంది. మూడో చుట్టుకి ప్యాడ్లు పూర్తిగా వేడెక్కాయి. పొడుగాటి దారి చివర కుడి మలుపు. అక్కడ అందరికన్నా ముందు వస్తూ ఆ పిల్ల ధైర్యంగా తొక్కింది. బండి వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోయాయి. తోక గిర్రున ముందుకి తిరిగింది. వెనక వస్తున్న బండికి తప్పించుకునే చోటు లేక నేరుగా పక్క నుంచి గుద్దింది. ఆ చప్పుడు విన్న మయిల్‌సామికి ఏం జరిగిందో చూడకముందే తెలిసింది. ఎడమ పొట్లం, కుడి పొట్లం కళ్ళ ముందు ఆడాయి.

ప్రాణం పోలేదు. కుడి కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది, చీలమండ నుజ్జయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు నడుస్తుందన్నాడు. పెడలు తొక్కే పని మాత్రం ఆ పాదం ఇక చెయ్యదన్నాడు.

సాయంత్రానికి అధికారులు కాగితం రాసేశారు. తడిలో డ్రైవరు అతిగా బ్రేకు నొక్కింది, తప్పు డ్రైవరుది. షెడ్ల దగ్గర కూడా అదే మాట. కొందరు జాలిగా అన్నారు, కొందరు ఇంకోలా అన్నారు. "ఆడపిల్లకి ముందుంటే చాలు, వెనకాముందూ తెలియదు" అన్నాడొకడు. సెబాస్టియన్ వాడి మీదకి కొట్టడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి మయిల్‌సామి పక్కన కూర్చున్నాడు.

"బాధపడకండన్నా. బండి మీరు చేసింది, అందులో వంక ఉండదు. గీత దగ్గర మీరు చూడటం మేమందరం చూశాం కదా. పిల్ల తొందరపడింది, అంతే" అన్నాడు.

మయిల్‌సామికి ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. అయినా తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

సోమవారం పొద్దున ముక్కలైన బండి షెడ్డుకొచ్చింది. ఆయన తలుపు లోపల గడియ పెట్టి, చక్రాలు విప్పి, ముందు వేసిన ప్యాడొకటి, వెనక వేసిన ప్యాడొకటి తీశాడు. షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్ళి తంగమణిని పిలిచాడు. ఆవిడ సేమ్యాలా ఒత్తి తినే సంతకై కోసం పిండి కలుపుతున్న చెయ్యి కడుక్కుని వచ్చింది.

"ఇది వాసన చూడు."

ఆవిడ ఆయన మొహం చూసింది, ప్యాడు చూసింది, అడగకుండానే తీసుకుంది. గరుకు కాగితం మీద రాసి పీల్చింది.

"గుగ్గిలంలా ఉంది. తైలం మాడినట్టు."

"అది ముందు వేశాను" అన్నాడాయన. "ఇప్పుడిది."

"ఇది ఇనుము. బావి గిలక గొలుసు తడిస్తే వచ్చే వాసన."

"మళ్ళీ చూడు."

"ఇనుమేనండి."

"ఇంకొకసారి చూడవే, తప్పయ్యుంటుంది."

"ఎన్నిసార్లు అడిగినా ముక్కు మాట మార్చదండి" అంది తంగమణి. అని, అక్కడే గడప మీద కూలబడిపోయింది. "అంటే వెనకవి ముందు, ముందువి వెనక వేశారా? అయ్యో, ఆ పిల్ల... నేనైనా చెప్పాల్సింది. ఇంటింటికీ తిరిగి నేనైనా చెప్పాల్సింది."

ఆయన ఏడవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూసింది. అరవై దాటిన మనిషి గోడకి తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ దగ్గరకెళ్ళలేదు. చాలాసేపటికి లేచి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడు ఏడ్చి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే మంట తగ్గదు. కాని ఒకటి చెప్పండి. ఆ పిల్ల బతికినన్నాళ్ళూ తన కాలే తప్పు చేసిందనుకుంటూ బతకాలా? కాలు ఎలాగూ పోయింది. పేరు కూడా మీ కోసం పోవాలా?"

బుధవారం మధ్యాహ్నం మయిల్‌సామి ఆసుపత్రికి వెళ్ళాడు. సంచిలో రెండు ప్యాడ్లు, ఒక గరుకు కాగితం ముక్క ఉన్నాయి. గదిలో పూంగొడి కాలు తాడుకి వేలాడుతోంది. నాచిముత్తు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మూడు రోజుల్లో ఆ మనిషి పదేళ్ళు పెరిగినట్టున్నాడు.

"రా బావా. ఆదివారం నుంచి అన్నం ముట్టడం లేదట కదా, చెల్లెమ్మ ఫోనులో చెప్పింది. నీ తప్పు కానిదానికి నువ్వెందుకయ్యా మాడటం?" అన్నాడు నాచిముత్తు. కూతురి వైపు చూసి గొంతు మార్చాడు. "దీనికి ఎన్నిసార్లు చెప్పాను, కాలు మీద అదుపుండాలే అని. వింటేనా? బండి బంగారంలా చేసిచ్చావు, దాన్నీ పాడుచేసింది."

పూంగొడి కిటికీ వైపు తిరిగి ఉంది. దిండు తడిసి ఉంది.

"సరే, కూర్చో. కాఫీ తెస్తాను" అని నాచిముత్తు ఫ్లాస్కు తీసుకుని వెళ్ళాడు.

"మామా" అంది పూంగొడి, తల తిప్పకుండానే. "నాన్న అన్నది నిజమే. రెండు చుట్లలో సర్దుకుంటుందని మీరు చెప్పారు. రెండు చుట్లూ ఆగాను. మూడో దాంట్లో నాకే ఓపిక లేకపోయింది. రాత్రంతా మనసులో అదే బ్రేకు తొక్కుతున్నాను, ఎక్కడ ఎక్కువ తొక్కానా అని. తెలియడం లేదు మామా."

మయిల్‌సామి సంచి విప్పాడు. ఒక ప్యాడుని గరుకు కాగితం మీద రాసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "వాసన చూడమ్మా" అన్నాడు.

ఆ పిల్లకి అర్థం కాలేదు. అయినా కళ్ళు మూసుకుంది, చిన్నప్పుడు నేర్పినట్టే. "తమ్ముడు" అంది.

"ఇది?"

"అన్న."

"అన్నని వెనక వేశాను. తమ్ముణ్ణి ముందు వేశాను" అన్నాడు మయిల్‌సామి. "నీ కాలు తప్పు చెయ్యలేదు పూంగొడీ. ఎవరు తొక్కినా ఆ బండి తిరిగేది."

ఆ పిల్ల రెండు ప్యాడ్లనీ మార్చి మార్చి వాసన చూసింది. "ఇంత తేడా ఉంది కదా మామా. మీకెలా తెలియలేదు?"

"జ్వరం వచ్చిన దగ్గర్నుంచి నాకు వాసన లేదమ్మా. మూడు నెలలైంది. చెప్పుకోలేకపోయాను. సిగ్గేసింది."

బయట వరండాలో ఎవరో నర్సుని పిలుస్తున్నారు. పూంగొడి ప్యాడ్లని దుప్పటి మీద పెట్టింది. ఏడవలేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు పైకప్పు వైపు చూసింది.

"గీత దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు కదా" అంది.

"అవునమ్మా."

"కళ్ళు మూసుకున్నారు. పీల్చారు. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. మీరు లేచే దాకా నేను దండం పెట్టుకుంటూనే ఉన్నాను."

ఆయన ఖాళీ సంచి అంచు మడత పెట్టాడు.

"ముక్కు పోయిందని అప్పుడు చెప్పినా దిగిపోయేదాన్ని. తెలియదు అన్నా దిగిపోయేదాన్ని. ఏమీ అనకుండా నిలబడినా దిగిపోయేదాన్నేమో. ధైర్యంగా తొక్కమన్నారు."

"రేసు అధికారుల దగ్గరికి వెళతాను. కాగితం మార్పిస్తాను. అందరికీ చెబుతాను" అన్నాడాయన.

"చెప్పండి. మీరు చెప్పాల్సిందే." ఆ పిల్ల మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. "ఇప్పుడు వెళ్ళండి సార్."

పదిహేనేళ్ళలో ఆ పిల్ల ఆయన్ని ఎప్పుడూ సార్ అనలేదు. షెడ్డుకొచ్చే కొత్తవాళ్ళని, విడి సామాన్లు అమ్మేవాళ్ళని, అధికారులని అలా పిలిచేది. మయిల్‌సామి ప్యాడ్లు తీసుకోబోయి, వాటి మీద ఆ పిల్ల చెయ్యి ఉండటం చూసి, ఖాళీ సంచితో లేచాడు.

వరండాలో నాచిముత్తు ఎదురయ్యాడు. చంకలో ఫ్లాస్కు, రెండు చేతుల్లో రెండు గ్లాసులు. వాటి మీంచి ఆవిరి లేస్తోంది.

"అప్పుడే వెళుతున్నావేంటి బావా? వేడివేడిగా తెచ్చాను, వాసన చూడు, మన గాంధీపురం డికాక్షనే" అని ఒక గ్లాసు ముందుకి చాచాడు.

మయిల్‌సామి గ్లాసు అందుకోలేదు. గోడ పక్కనున్న బల్ల చూపించాడు.

"కూర్చో నాచిముత్తూ. నీకూ ఒక మాట చెప్పాలి" అన్నాడు.